కరుణమ్మ టీచరు ఇంటి కంచాలు

ఇది ఒక ఇతిహాసం. ఇందులో దూరదేశాల నుంచి వలసలున్నాయి, రాజముద్రలున్నాయి, ధర్మసంకటాలున్నాయి, శత్రుపక్షం కూడా ఉంది. ఇట్లా మొదలుపెట్టి పద్దెనిమిది పర్వాలు నడిపిద్దామనే కూర్చున్నాను. కాని అంత లేదు. ఇది నంద్యాలలో నూనెపల్లె వైపున్న ఒక రెండు గదుల అద్దె ఇల్లు, ఒక స్టీలు కంచాల స్టాండు, రిటైరైన ఒక ఎలిమెంటరీ స్కూలు టీచరు గురించి. పోయిన గురువారం పొద్దున చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ, గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే ఆమె కన్నుమూసింది. ఆమె కరుణమ్మ టీచరు. మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ.

ఆ వార్త తెలిసేటప్పటికి నేను ఆళ్ళగడ్డలో మా షాపు ఎదుటి హోటల్లో ఉగ్గాని తింటున్నాను. చేతిలో ప్లేటు జారి పడిందని రాస్తే బాగుంటుంది. పడలేదు. ఫోను జేబులో పెట్టుకుని మిగిలిన బజ్జీ కూడా తిన్నాను. చెయ్యి కడుక్కోవడానికి కొళాయి తిప్పాక మాత్రం ఏ పని మీద అక్కడికి వచ్చానో గుర్తు రాలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. వెనకాల నిలబడినాయన "ఏమన్నా, స్నానం చేస్తాండావా?" అన్నాడు. పక్కకు జరిగాను.

నా వృత్తి శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు డిజైన్ చేయడం. పెళ్ళిళ్ళవీ చేస్తాను, నాయకుల పుట్టినరోజులవీ చేస్తాను; కాని నిలకడైన గిరాకీ చావులదే. 'అశ్రునివాళి', 'తీరని లోటు', 'మీ జ్ఞాపకాలతో' అనే మూడు మాటలూ కంప్యూటరులో సిద్ధంగా ఉంటాయి. ఫొటో, పేరు మారిస్తే సరిపోతుంది. ఇన్నేళ్ళుగా ఆ మాటల్ని అతికిస్తూనే ఉన్నాను గాని ఒక్కసారీ చదవలేదని ఆ రోజు తెలిసింది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఆ ఇంట్లో ఏడుపులన్నిటి కిందా ఒక భయం నడుస్తూ ఉంది. మమత అనే అమ్మాయికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. హాస్టలుకు నివాస ధ్రువీకరణ పత్రం కావాలి. దరఖాస్తులో ఉన్న చిరునామా పెద్దమ్మ ఇల్లు. సోమవారం వార్డు సచివాలయం నుంచి ఉద్యోగి విచారణకు వస్తాడు, ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా అని అడుగుతాడు. ఉంటుందని చెప్పాల్సిన మనిషి గురువారమే వెళ్ళిపోయింది. పత్రం లేకపోతే హాస్టలు లేదు, హాస్టలు లేకపోతే చదువు లేదు. వాళ్ళమ్మ పక్కన నిలబడి మిల్లులో నూకలు చెరగడం ఒక్కటే మిగులుతుంది.

సుదీర్ఘ కాలం అక్షరదానం చేసిన విదుషీమణి, నిరాడంబర, నిష్కళంక చరిత అని రాయవచ్చు. అన్నీ నిజాలే. కాని పెద్దమ్మ బతికి ఉంటే ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన 'విషయానికి రా' అని రాసి ఉండేది. పుట్టింది ఆళ్ళగడ్డలో, పాఠాలు చెప్పింది నంద్యాలలో. పెళ్ళైన నాలుగేళ్ళకే పెదనాయన పోయాడు. పిల్లల్లేరు. ఆమె వంట గురించి మరణానంతరం కూడా మంచి మాట చెప్పలేను. పప్పులో ఉప్పు ఎప్పుడూ రెండుసార్లు పడేది. ఎవరైనా మొహం పెడితే "ఉప్పు ఒంటికి మంచిది" అనేది. డాక్టరు దాన్నే మానమన్నప్పుడు డాక్టర్నే మానేసింది.

నంద్యాల చుట్టూ రైస్ మిల్లులు, గోడౌన్లు. అక్కడ మూటలు మోసేది, బియ్యం చెరిగేది చాలావరకు ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. మిల్లు ఆవరణలో రేకుల గదుల్లో ఉంటారు. ఏళ్ళ తరబడి ఉన్నా ఉన్నట్టు కాగితం ఉండదు. కాగితం లేనిదే బడి లేదు, బ్యాంకు లేదు, గ్యాసు లేదు. మన ఊరి అన్నంలో వాళ్ళ చెమట ఉంటుంది గాని మన ఊరి రిజిస్టరులో వాళ్ళ పేరుండదు. (ఈ వాక్యం బాగా వచ్చిందనిపించి కొంచెం భయపడ్డాను. అయినా ఉంచుతున్నాను.)

పదేళ్ళ కిందట సుకాంతి అనే ఆమె చిన్న కూతురు మమతను పెద్దమ్మ బడికి తీసుకొచ్చింది. ఈ కథ నాకు సుకాంతీ చెప్పింది, పెద్దమ్మా చెప్పింది. రెండూ కలిసినంత మేరకే రాస్తున్నాను.

"డోర్ నంబర్ ఏందమ్మా?" అని పెద్దమ్మ అడిగింది.

"మిల్లు, మేడం."

"మిల్లుది కాదు. మీ గదిది."

"గదికి తలుపే లేదు మేడం. గోనెపట్ట కట్టుకున్నాం."

అడ్మిషను ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే కుదరదని, వచ్చే ఏడు చూద్దామని హెడ్మాస్టరు అన్నాడు. పెద్దమ్మ పెన్ను తీసి ఆ గడిలో తన ఇంటి నంబరు రాసేసింది. మమత ఒకటో తరగతిలో కూర్చుంది. అక్కడితో అయిపోయి ఉంటే ఇది దయామయురాలైన ఒక ఉపాధ్యాయిని కథ, నేను దీన్ని రాసి ఉండేవాణ్ణి కాదు.

పెద్దమ్మ సమస్య అబద్ధం. ఆమె ఆడలేదు. నీతి సంగతి తర్వాత. ఒంటికే పడేది కాదు, కొందరికి వంకాయ పడనట్టు. ప్రభుత్వ కాగితం మీద అబద్ధం రాశానన్నది ఆమెను వారమంతా దొలిచింది. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆగిపోయి, ప్రార్థన ముగియకముందే బయటికి వచ్చి, తెల్ల చీరతోనే ఆటో ఎక్కి మిల్లుకు పోయింది. సుకాంతి భర్త బిజయ్ మూట దించుతూ ఉన్నాడు.

"పదండి," అంది పెద్దమ్మ.

"యాడికి మేడం?"

"మీ ఇంటికి. మీరు నా ఇంట్లో ఉంటారని రాసినా. వచ్చి ఉండండి."

వాళ్ళు వచ్చారు. సుకాంతి పప్పు, కూరగాయలు కలిపి వాళ్ళ దాల్మా వండింది. అందరూ తిన్నారు, ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. మర్నాడు వెళ్ళేటప్పుడు పెద్దమ్మ వాళ్ళ కంచం ఒకటి అడిగి తీసుకుంది. స్టీలు సామాన్ల అంగడికి పంపి దాని మీద బిజయ్ నాయక్ అని పేరు చెక్కించి తన స్టాండులో పెట్టుకుంది. "కంచం ఉన్నోళ్ళు ఇంటోళ్ళే. ఇంక నేను రాసింది అబద్ధం ఎట్లయితాది?" అంది. రాసిన అబద్ధాన్ని కొట్టేయడానికి బదులు దాన్ని నిజం చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మాట మిల్లు నుంచి మిల్లుకు పాకింది. పెద్దమ్మ నియమాలు మూడు. ఒక ఆదివారం వచ్చి వండాలి, ఒక రాత్రి పడుకోవాలి, పేరు చెక్కిన కంచం ఒకటి ఇంట్లో ఉంచాలి. ఆ తర్వాతే దరఖాస్తు మీద ఆమె నంబరు. ఏడాదికొకసారి వచ్చి ఆ కంచంలో తినకపోతే చెల్లదు. దాన్ని నేను రెన్యువల్ అనేవాణ్ణి. "నవ్వు, నవ్వు. నీ లైసెన్సు రెన్యువల్ చేసుకున్యావా?" అనేది. చేసుకోలేదు. ఆమె పోయిన గురువారం నాటికి ఆ స్టాండులో ముప్పై ఎనిమిది కంచాలున్నాయి.

అందరినీ ఒకేలా చూసేదని రాస్తే అది కూడా అబద్ధమే. తాగి వస్తే గడప దాటనిచ్చేది కాదు. దరఖాస్తులో చేతిరాత వంకరగా ఉంటే నలభై ఏళ్ళ మనిషి చేత కూడా తిరిగి రాయించేది. ఒకతను భార్యను కొట్టాడు. పేరు రాయను, ఇప్పుడు బాగానే ఉన్నాడు. పెద్దమ్మ స్టాండులో అతని కంచం తీసి పీట మీద బోర్లించింది. ఆదివారాలు భార్యాపిల్లలు వచ్చి వేరే కంచాల్లో తిని పోయేవాళ్ళు. అతను గేటు దగ్గర నిలబడి పోయేవాడు. మూడో నెలలో లోపలికి వచ్చి "టీచరమ్మా, ఇంక తిప్పు" అన్నాడు. "నేను కాదు. ఆమె తిప్పాల" అని భార్యను చూపించింది. ఆమె ఇంకో రెండు వారాలు ఆగి తిప్పింది. ఆ రెండు వారాల గురించి ఎవరూ ఆమెను ఒక్క మాట అడగకుండా పెద్దమ్మ కాపలా కాసింది.

రథయాత్ర రోజు వాళ్ళు ఆ ఇంట్లోనే అట్టపెట్టెతో చిన్న రథం చేసుకుని వీధి చివరిదాకా లాగేవాళ్ళు. చర్చిలో గుసగుసలు మొదలై పాస్టరుగారే వచ్చారు. "ఏంది టీచరమ్మా, మీ ఇంట్లో విగ్రహాలంట?"

"వాళ్ళ కంచాలు వాళ్ళవి, వాళ్ళ దేవుడు వాళ్ళవాడు అయ్యగారూ. నాది స్టవ్వు ఒక్కటే. కూర్చోండి, సుకాంతి మంచిగ వండింది."

పాస్టరుగారు కూర్చున్నారు. పెద్దమ్మ వంట సంఘమంతా ఎరిగినదే కాబట్టి, వేరొకరు వండారన్న మాట ఆయన్ను కూర్చోబెట్టి ఉంటుందని నా అనుమానం.

శత్రుపక్షం ఉందన్నాను. పక్కింటి సావిత్రమ్మ. ఆవాల తాలింపు వాసన, పిల్లల గోల, వీధినిండా చెప్పులు. ఆమె బాధలో న్యాయం లేకపోలేదు. నాలుగేళ్ళ కిందట మున్సిపాలిటీకి అర్జీ రాసింది: ఈ ఇంట్లో లైసెన్సు లేకుండా మెస్సు నడుపుతున్నారని, బిజయ్ నాయక్ తదితర ఒడిశా కుటుంబాలు ఏళ్ళ తరబడి ఇక్కడే కాపురం పెట్టాయని. విచారణకు ఒకాయన వచ్చి స్టాండు చూసి దిగ్భ్రాంతి చెందాడు.

"పూటకు ఎన్ని ప్లేట్లమ్మా?"

"ఆదివారమైతే అన్నీ."

"రేటు ఎంత?"

"ఒక నిద్ర," అంది పెద్దమ్మ.

ఆయన ఏం రాసుకోవాలో తెలియక మంచినీళ్ళడిగి తాగి, సావిత్రమ్మకు ఆమె అర్జీ అందినట్టు ముద్ర వేసిన కాపీ ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ నాలుగేళ్ళు మాట్లాడుకోలేదు. పెద్దమ్మ పోయిన రోజు తలదగ్గర కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చింది సావిత్రమ్మే. "నాకింక ఎవురితో కొట్లాట?" అంటూ ఏడ్చింది. విన్నవాళ్ళకు నవ్వు రావాలి. రాలేదు.

శుక్రవారం సమాధి చేశాం. ఫ్లెక్సీ నేనే చేశాను. ఫొటోలో ఆమె నవ్వదు. ఎవరిదో తప్పు దిద్దబోతున్నట్టు చూస్తుంటుంది. ఆళ్ళగడ్డలో రాతిలో ఎవరినైనా చెక్కగలిగినవాళ్ళున్నారు, ఆమెకు విగ్రహం చేయిద్దామని ఒకరిద్దరు అన్నారు. నేనే వద్దన్నాను. అది వీధిలో నిలబడి పోయేవాళ్ళందరి చేతిరాత అడుగుతుంది. ఫ్లెక్సీలో అసలు చిక్కు అడుగున వచ్చింది. 'ఇట్లు' అని రాశాక ఈ ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళను ఏ వరసలో వేయాలి? కుటుంబ సభ్యులా, శ్రేయోభిలాషులా? అమ్మనడిగాను.

మా అమ్మ పేరు దీనమ్మ. ఆళ్ళగడ్డలో రెండు ఎనుములు మేపుకుంటుంది. అక్క చేసే పనిని బతికినన్నాళ్ళూ ఎగతాళి చేసింది. "సత్రం పెట్టుకున్యావు గదే, బోర్డొకటి కట్టుకో" అనేది. ఎప్పుడొచ్చినా పాలు పిండే వేళకు పోవాలని సాయంత్రం బస్సుకే తిరిగి పోయేది. అందుకే ఆ స్టాండులో అమ్మ కంచం లేదు. "ఒక్క రాత్రి పండుకోమే, నీకూ పెడతా" అని అక్క అంటే, "నాకేమన్నా కార్డు కావల్నా? నాకు ఇల్లుంది" అని చెల్లెలు. సొంత చెల్లెలు కదా అని కూడా పెద్దమ్మ నియమం సడలించలేదు. అమ్మ ఎప్పుడూ చుట్టాల కంచంలోనే తింది.

"కుటుంబ సభ్యులని ఎయ్," అంది అమ్మ. "సుకాంతి పేరు పెద్దగా ఎయ్. నా పేరు యాడన్నా ఎయ్."

ఆదివారం వచ్చింది. రమ్మని ఎవరూ పిలవలేదు, రావద్దనీ చెప్పలేదు. అలవాటు ప్రకారం మధ్యాహ్నానికి నాలుగైదు కుటుంబాలు వచ్చి వాకిట్లో నిలబడ్డాయి. లోపలికి రావచ్చో లేదో తెలియదు. బిజయ్ గొంతు తగ్గించి నన్నడిగాడు: "అన్నా, కంచాలు తీసుకొని పోవాల్నా?"

 

అమ్మ విన్నది. "ఎవురు పొమ్మన్యారు నిన్ను? కాళ్ళు కడుక్కొని లోపలికి రా," అని అరిచింది. సుకాంతి వెళ్ళి స్టవ్వు వెలిగించింది. పెద్దమ్మ గురువారం ఏరుతూ వదిలేసిన బియ్యం ఆ చాటలోనే ఉన్నాయి. సగం ఏరినవి ఒక పక్క, ఏరనివి ఒక పక్క. మమత కూర్చుని మిగిలినవి ఏరింది. అవే వండారు. ఎవరి కంచం వాళ్ళు తీసుకున్నారు. చుట్టాల కంచం చేతిలో పట్టుకుని అమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తినలేదు. బస్సు వేళయిందని నేను గుర్తు చేశాను.

"పోనీలే," అంది.

"ఎనుములు?"

"మీ నాయనకు చేతుల్లేవా? పిండుకుంటాడు."

ఆ రాత్రి అక్క చాప పరుచుకుని అమ్మ అక్కడే పడుకుంది. సోమవారం పొద్దున కంచమొకటి నా చేతిలో పెట్టి పేరు చెక్కించుకు రమ్మంది. అంగడిలో మిషను మీద కూర్చునే ఆయనకు మా కంచాలు అలవాటే. కాగితం మీద పేరు చూసి "వీళ్ళు ఏ జిల్లా వాళ్ళప్పా? కటకమా, గంజామా?" అన్నాడు.

"ఆళ్ళగడ్డ."

"పర్లేదు. ఈసారి దగ్గరోళ్ళే," అని చెక్కిచ్చాడు.

పన్నెండు గంటలకు సచివాలయం ఉద్యోగి వచ్చాడు. నా వయసే ఉంటుంది. చేతిలో ట్యాబు. "కరుణమ్మ గారున్నారా?" అన్నాడు. అమ్మ గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూపించింది. అతను పైనుంచి కిందిదాకా చదివి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. తన పని తను చేయక తప్పదు కాబట్టి మళ్ళీ అడిగాడు.

"మరి ఇప్పుడు ఇంటి పెద్ద ఎవరు?"

"నేనే," అంది అమ్మ.

"మీరు ఈ ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటాండా."

"ఎప్పటి నుంచి?"

అమ్మ అబద్ధం ఆడగలదు. చీటీల దగ్గర, చుట్టాల దగ్గర, మా నాయన దగ్గర హాయిగా ఆడుతుంది. అక్కడ ఆడలేదు. "నిన్నటి నుంచి," అంది.

అతను ట్యాబు మీద వేలు ఆపాడు. మమత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సుకాంతి కొంగు నోట్లో పెట్టుకుంది. "ఈ అమ్మాయి?" అన్నాడు.

"అది నాకంటే శానా ముందు. పదేండ్లాయ." అమ్మ లోపలికి పోయి బిజయ్ కంచం తెచ్చి చూపించింది.

"కంచం ప్రూఫ్ కాదమ్మా."

"ఫ్లెక్సీలో కూడా పేరుంది," అన్నాను. వృత్తిధర్మం.

"ఫ్లెక్సీ అసలే కాదన్నా." అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "కాపురం ఉన్నట్టు పాత కాగితం, ఏదన్నా ఆఫీసు ముద్ర ఉన్నది ఉంటే నేను రాస్తాను. లేకపోతే నా చేతిలో లేదు."

ప్రహరీ అవతలి నుంచి సావిత్రమ్మ గొంతు వినపడింది. "ఉంది. ఆగు నాయనా." గేటు తీసుకుని వచ్చింది. నాలుగేళ్ళలో ఆ గేటు ఆమె దాటడం రెండోసారి. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ముద్ర వేసిన ఆ అర్జీ కాపీ. బిజయ్ నాయక్ కుటుంబం ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో కాపురం ఉంటోందని, వెంటనే ఖాళీ చేయించాలని ప్రభుత్వం వారికి సావిత్రమ్మ స్వహస్తాలతో విన్నవించుకున్న పత్రం.

ఉద్యోగి రెండుసార్లు చదివాడు. "ఇది మీరు వీళ్ళ మీద ఇచ్చిన కంప్లైంటు కదమ్మా?"

"అవును. ఇచ్చినా. అబద్ధం రాసిస్తానా నేను? ఈ పిల్ల ఈడ ఉండబట్టే గదా రాసిచ్చింది!"

అతను దాన్ని ఫొటో తీసుకున్నాడు. సాక్షిగా సావిత్రమ్మ సంతకం పెట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎవరూ తిరిగి రాయమనలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఇంట్లో ఏం లేకుండా పోయిందో.

మంగళవారం మమత పత్రం వచ్చింది. హాస్టలుకు ఎవరి కంచం, గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలట. స్టాండులోది తీసుకుపొమ్మని అమ్మ అంటే మమత ఒప్పుకోలేదు. "అది ఇక్కడే ఉండాలి చిన్నమ్మమ్మా" అని కొత్తది కొనుక్కుంది.

ఇప్పుడు నివాళి వాక్యం రాయాలి. తీరని లోటు అంటే ఏమిటో నేను వివరించలేను. ఆమె సంతకం మేము నేర్చుకోవచ్చు, ఆమె నియమాలు గోడ మీద రాసుకోవచ్చు. కాని ఒక ఖాళీ గడిలో తన ఇంటిని రాసేసి, ఆ మాట నిలబెట్టుకోవడానికి పదేళ్ళు తలుపు తీసి కూర్చున్న ఆ మొండితనం ఎవరికీ వారసత్వంగా రాదు. పెద్దమ్మా, నువ్వు దిద్దాల్సిన తప్పులు ఇందులో చాలానే ఉన్నాయి. ఎర్ర పెన్ను పట్టేవాళ్ళు లేక అలాగే అచ్చుకు ఇస్తున్నాను.

ఇంటి ఓనరుకు ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ స్టాండు పెట్టడానికి అమ్మ రెండు వీధుల అవతల వేరే ఇల్లు మాట్లాడింది. కాబట్టి కరుణమ్మ టీచరు చిరునామాతో కార్డులున్న కుటుంబాలన్నీ నంబరు మార్పించుకోవాలి. ఆధార్ కేంద్రంలో రోజుకు ఇరవై టోకెన్లే ఇస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా వరుసలో ఉండాలి. అసలు కార్డు, రెండు జిరాక్సులు తెచ్చుకోవాలి. రెండో శనివారం సెలవు.